గాలం గొంతులోకి మింగేసిన చేపని బతికుండగా వదలడం ఎలా

చేప గాలం మింగేసిందని తెలియగానే చాలామంది చేసే మొదటి పని లైన్ (గాలానికి కట్టిన దారం) పట్టుకుని లాగడం, రాకపోతే ఇంకాస్త గట్టిగా లాగడం, అప్పటికీ రాకపోతే ప్లయర్ గొంతులోకి దూర్చి కెలకడం. ఇంత జరిగాక నీళ్లలో వదిలితే అది తోక ఊపుకుంటూ వెళ్లిపోవచ్చు, మనం కూడా హమ్మయ్య బతికిపోయింది అనుకుంటాం, కానీ లోపల రక్తం కారుతుంటే కొన్ని గంటలకో ఒకట్రెండు రోజులకో పోతుంది, మన కంటికి కనపడదు అంతే. తినడానికి ఉంచుకునే చేపైతే ఈ గొడవంతా లేదు. సైజు చిన్నదనో, గుడ్లు పెట్టే సీజన్ అనో, ఊరికే వదిలేద్దామనిపించో వదలాల్సి వస్తే మాత్రం గాలం ఎలా తీయాలి అన్న దానికంటే ముందు అసలు తీయాలా వద్దా అన్నది తేల్చుకోవాలి. చాలాసార్లు జవాబు వద్దు అనే వస్తుంది.

ఎందుకంటే చేప గుండె ఉండే చోటు అలాంటిది. మొప్పల వెనకాల, సరిగ్గా గొంతు అడుగునే ఉంటుంది. గాలం నోరు దాటి గొంతు గోడలో దిగి, మొన కింది వైపుకి తిరిగిందంటే దానికి గుండెకి మధ్య పెద్ద దూరమేం ఉండదు. ఇంకొంచెం లోపలికి వెళ్తే లివర్, అదీ రక్తం నిండి ఉండేదే. ఇప్పుడు పైనుంచి మనం లైన్ లాగితే బార్బ్ (మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లు) వచ్చిన దారిలో వెనక్కి రాదు కదా, కొత్త దారి చీల్చుకుంటూ వస్తుంది. పొట్టలో దిగిన గాలమైతే లాగిన కొద్దీ ఆ పొట్ట గోడే లోపలి నుంచి పైకి ఈడ్చుకొస్తుంది. కాబట్టి మొట్టమొదటి రూల్, గాలం ఎక్కడుందో చూసేదాకా లైన్ లాగొద్దు, లైన్ పట్టుకుని చేపని గాల్లోకి ఎత్తొద్దు, దాని బరువంతా ఆ ఒక్క మొన మీదే పడుతుంది.

సామాన్లు చేప పడ్డాక వెతుక్కునేవి కావు. పొడుగు ముక్కు ప్లయర్ ఒకటి, డాక్టర్లు వాడే ఫోర్సెప్స్ లాంటిది ఒకటి (సన్నగా ఉంటుంది, చిన్న నోటి చేపలకి ఇదే బెటర్), గాలాన్నే కత్తిరించగల సైడ్ కట్టర్, లైన్ కోయడానికి మంచి కత్తెర. బ్రెయిడ్ లైన్ (సన్నటి పోగులు అల్లి చేసిన గట్టి దారం) వాడేవాళ్లు కత్తెర విషయంలో కక్కుర్తి పడొద్దు, మొద్దు కత్తెరకి బ్రెయిడ్ తెగదు, తెగేదాకా గుంజుతూ ఉంటే ఆ గుంజుడంతా చేప గొంతులో తగులుతుంది. చిన్న చేపలు ఎక్కువ పట్టేవాళ్లైతే డిస్గార్జర్ కూడా పెట్టుకోవాలి, గాలం ఊడదీయడానికి చివర చిన్న గాడి ఉన్న సన్నటి పుల్ల, అంతకంటే ఏం లేదు. ఇవన్నీ బాక్స్ అడుగున కాకుండా మెడకో నడుముకో తగిలించుకుంటే చెయ్యి చాపగానే దొరుకుతాయి. వల ఉంటే రబ్బర్ పూత ఉన్నదో ముడులు లేనిదో వాడండి, ముడుల నైలాన్ వల చేప ఒంటి మీద జిగురుని గీకేస్తుంది, రెక్కల్ని చీలుస్తుంది.

ఇక చేప ఒడ్డుకి వచ్చింది. బయటికి తీయకండి, నీళ్లలోనే వలలో ఉంచండి. చేతులు తడుపుకోండి, పొడి చేత్తోనో పొడి గుడ్డతోనో పట్టుకుంటే ఒంటి మీద జిగురు పోతుంది, రోగాలు రాకుండా కాపాడేది ఆ జిగురే. ఎండకి కాలిన రాయి మీదో పడవ చెక్కల మీదో పడుకోబెట్టడం అస్సలు వద్దు. పెద్ద చేపని దవడ పట్టుకుని నిలువుగా వేలాడదీయకుండా ఒక చెయ్యి పొట్ట కింద పెట్టి అడ్డంగా పట్టుకోవాలి, అలాగని పొట్టని పిసికేయకూడదు. మొప్పల్లో వేళ్లు పెట్టొద్దు. జెల్ల జాతి చేపలైతే వీపు మీద ఒకటి, పక్క రెక్కల దగ్గర రెండు ముళ్లు ఉంటాయి, వాటి వెనక నుంచి పట్టు సరిచేసుకున్నాకే మిగతా పని, లేదంటే చేప కంటే ముందు మీకే ఫస్ట్ ఎయిడ్ కావాలి.

టైమ్ గురించి ఒక లెక్క చెప్పాలి. 1992లో రెయిన్‌బో ట్రౌట్ మీద ఒక ప్రయోగం చేశారు, చేపల్ని బాగా అలిసిపోయేలా పరిగెత్తించి నీళ్లలోనే ఉంచితే 12 శాతం చనిపోయాయి, అలాగే అలిసిపోయిన చేపల్ని 30 సెకన్లు గాల్లో పెడితే 38 శాతం, ఒక్క నిమిషం పెడితే 72 శాతం పోయాయి. అన్ని చేపలూ ట్రౌట్ అంత సున్నితం కాదు, కొరమీను అయితే గాలి పీల్చుకునే చేపే, బయట చాలాసేపు ఓర్చుకుంటుంది. కానీ మొప్పల మీదే బతికే చేపకి నీళ్లు లేకపోతే మొప్ప ఈకలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి, అప్పుడే గాలంతో పోరాడి వచ్చిన చేపకి ఆక్సిజన్ అందాల్సిన టైమ్‌లోనే అందదు. మీరు ఊపిరి బిగబట్టుకుని పని మొదలుపెట్టండి, మీకు ఉక్కిరిబిక్కిరి అయ్యేలోపు చేప మళ్లీ నీళ్లలో ఉండాలి. పని అవ్వలేదా, ముంచి కాసేపు ఆగి మళ్లీ తీయండి.

ఇప్పుడు నోరు తెరిచి చూడండి. చూడాల్సింది రెండే, గాలం కాడ (వంపుకి పైనుండే నిటారు భాగం) కనపడుతోందా, రక్తం వస్తోందా.

కాడ మొత్తం కనపడుతూ వంపు కూడా కంటికి ఆనుతుంటే అది నిజంగా లోతు కాదు, తీయొచ్చు. ఫోర్సెప్స్‌తో వంపు దగ్గర పట్టుకుని, దిగిన దారికి ఎదురుగా అంటే ముందు కొంచెం లోపలికి నెట్టి బార్బ్ వదిలించి, ఆ తర్వాతే బయటికి తేవాలి. పైకి లాగడం కాదు, ముందు కిందికి నెట్టడం, ఇది అలవాటయ్యేదాకా చెయ్యి మాట వినదు. డిస్గార్జర్ కూడా అదే పద్ధతి, లైన్ బిగువుగా పట్టుకుని గాడిని లైన్‌కి తగిలించి కిందికి జార్చుతూ వంపు దాకా తీసుకెళ్లి, మెల్లగా నొక్కితే మొన ఊడుతుంది, లైన్ బిగువు వదలకుండా రెండూ కలిపి బయటికి తీసేయాలి, బిగువు వదిలితే వచ్చే దారిలో ఇంకెక్కడో గుచ్చుకుంటుంది. ఒకసారి ట్రై చేయండి, మహా అయితే రెండోసారి. మూడోసారి లేదు.

గాలం కన్ను (లైన్ కట్టే రంధ్రం) కూడా కనపడకుండా లైన్ నేరుగా గొంతులోకి వెళ్లిపోతుంటే ట్రై చేయడం కూడా వద్దు, కోసేయండి. లైన్‌ని కొంచెం పక్కకి పట్టుకుని, లాగకుండా, కత్తెర నోట్లోకి ఎంత దూరం పోతే అంత దూరం పోనిచ్చి గాలానికి వీలైనంత దగ్గరగా కట్ చేయాలి. నోట్లోంచి బారెడు లైన్ వేలాడుతూ వదిలితే అది మొక్కలకో రాళ్లకో చుట్టుకుని చేపని అక్కడే కట్టేస్తుంది, లేకపోతే మొప్పల్లో చుట్టుకుంటుంది. వైర్ లీడర్ (గాలం దగ్గర లైన్‌కి కలిపే లోహపు తీగ) వాడితే కత్తెర పనికిరాదు, సైడ్ కట్టర్ కావాలి.

గాలం లోపలే వదిలేస్తే చేప బతుకుతుందా అని అందరికీ వచ్చే డౌటే. బతుకుతుంది, పీకి తీసిన దానికంటే ఎక్కువ ఛాన్స్‌తో బతుకుతుంది. బ్లూగిల్ అనే చిన్న చేపల మీద 2009లో వచ్చిన ఒక స్టడీలో లోతుగా దిగిన గాలాన్ని తీసి వదిలిన చేపలు, లైన్ కోసి వదిలిన వాటికంటే చాలా ఎక్కువ చనిపోయాయి, కోసి వదిలిన వాటిల్లో కొన్నైతే పది రోజుల్లోనే గాలాన్ని తమంతట తామే వదిలించుకున్నాయి. వేరే జాతుల మీద చేసిన వాటిల్లో కూడా ఎక్కువగా ఇదే కథ. గాలం లోపల ఉన్నా చేప మేత తింటుంది, మెల్లగా తుప్పు పట్టి మొన బలహీనపడి ఊడిపోవచ్చు, దాని చుట్టూ కండ పెరిగి అక్కడే ఉండిపోవచ్చు కూడా. ఇక్కడ గాలం మెటల్ కూడా లెక్కలోకి వస్తుంది, స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే తుప్పు పట్టడానికి చాలా టైమ్ తీసుకుంటుంది, మామూలు కార్బన్ స్టీల్ మీద బ్రాంజ్ రంగు పూత ఉన్నవి తొందరగా పోతాయి. వదలడానికే పట్టేవాళ్లు స్టెయిన్‌లెస్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. మంచి గాలం పోయిందే అన్న బాధతోనే చాలామంది చేపని చంపుకుంటారు, ఆ ఆశ ఒకటి వదిలేస్తే సగం పని అయిపోయినట్టే.

గాలం మొత్తం కనపడటానికీ, అసలు కనపడకపోవడానికీ మధ్యలో ఒక కేసు ఉంది. కాడ కనపడుతుంది, కానీ వంపు గొంతు వెనక మడతలో దిగిపోయి ఉంటుంది, నోటి వైపు నుంచి ప్లయర్ పెడితే పట్టు చిక్కదు. బాస్ లాంటి పెద్ద నోటి చేపల్లో దీనికి మొప్ప దారిలో వెళ్లే పద్ధతి ఒకటుంది. వివరంగా చెప్తాను, ఎందుకంటే దీన్ని సగం సగం వీడియో చూసి చేసేవాళ్లే ఎక్కువ. ముందు లైన్ పూర్తిగా వదులు చేయండి, బిగువు ఉంటే గాలం తిరగదు. గాలం కాడ ఏ పక్క మొప్పలకి దగ్గరగా ఆనుకుని ఉందో చూసుకుని ఆ పక్క మొప్ప మూతని వేలితో మెల్లగా ఎత్తండి. లోపల ఎర్రటి ఈకలతో విల్లుల్లాంటి వరసలు కనపడతాయి. ఆ ఎర్ర ఈకలకి ఏం తగిలినా రక్తమే, కాబట్టి వాటి మధ్య సందులోంచి, ఈకలని రాయకుండా, ఫోర్సెప్స్ మొన లోపలికి పోనిచ్చి గాలం కాడని కన్ను దగ్గర పట్టుకోవాలి. ఇప్పుడు ఆ కన్నుని మీ వైపు, అంటే మొప్ప సందు వైపు మెల్లగా తీసుకురండి. కన్ను ఇటు వస్తుంటే గాలం లోపల బోర్లా తిరుగుతుంది, వంపు పైకి లేస్తుంది, చాలాసార్లు మొన దానంతట అదే ఊడిపోయి చిన్న కుదుపు చేతికి తెలుస్తుంది. ఊడాక మొప్ప లోంచి బయటికి లాగేయకండి, అక్కడే వదిలేసి, ఇప్పుడు నోట్లోంచి ప్లయర్ పెట్టి పైకి లేచిన ఆ వంపుని పట్టుకుని నోటి దారినే తీసేయండి. తిప్పేటప్పుడు కొంచెం గట్టిగా అనిపించినా, రక్తం చుక్క కనపడినా ఆపేసి లైన్ కోయడమే. చిన్న నోటి చేపలకి, మొప్ప వరసల మీద పదునైన పళ్లలాంటివి ఉండే చేపలకి ఇది వద్దు. మొదటిసారి ఎలాగూ తినడానికి ఉంచుకున్న చేప మీద నేర్చుకోండి, వదలబోయే దాని మీద కాదు.

మూడు మొనల ట్రెబుల్ హుక్ మింగితే తలనొప్పి వేరు. ఒక మొన గొంతులో, ఇంకోటి దవడకి, మూడోది వలకి. ముందు బయటున్న మొనల్ని సైడ్ కట్టర్‌తో కత్తిరించేస్తే లోపలిది కదిలించకుండా పని చేయొచ్చు, చేప గింజుకుంటే మీ వేలికి దిగే రిస్క్ కూడా పోతుంది. కత్తిరించేటప్పుడు ముక్క ఎగిరి కంట్లో పడుతుంది, కళ్లద్దాలు పెట్టుకోండి. అసలైతే లూర్‌కి (కృత్రిమ ఎరకి) వచ్చిన ట్రెబుల్స్ తీసేసి సింగిల్ హుక్స్ వేసుకోవడమే సుఖం.

రక్తం విషయానికొస్తే, దవడ దగ్గర నాలుగు చుక్కలు వస్తే కంగారు పడక్కర్లేదు. మొప్పల్లోంచి ధారగా వస్తుంటే మాత్రం అది బతికే ఛాన్స్ బాగా తక్కువ. రూల్స్ ప్రకారం ఉంచుకోదగిన చేపైతే ఉంచేసుకోండి, ఆలస్యం చేయకుండా కళ్ల వెనక తల మీద చిన్న కర్రతో గట్టిగా ఒక్క దెబ్బ, అది ఒడ్డున అరగంట కొట్టుకోవడం కంటే ఎంతో నయం. వదిలి తీరాల్సిన సైజో సీజనో అయితే ఇంకేం చెయ్యకుండా లైన్ కోసి వెంటనే నీళ్లలో వదలండి, రక్తం ఆగిందా లేదా అని బయట పట్టుకుని చూస్తూ కూర్చోవద్దు. కారే మొప్పల మీద కూల్ డ్రింక్ పోస్తే రక్తం ఆగిపోతుంది అని ఒక చిట్కా తెగ తిరుగుతోంది, 2020లో పైక్ చేపల మీద దీన్ని టెస్ట్ చేసి చూశారు, ఏ లాభమూ కనపడలేదు. పైగా పోసినంతసేపూ చేప గాల్లోనే ఉంటుంది. ఆ డ్రింకేదో మీరు తాగండి.

వదిలేటప్పుడు విసిరేయకండి. నీళ్లలో పొట్ట కింద చెయ్యి పెట్టి నిటారుగా, పారే నీరైతే ముఖం ఎదురు ప్రవాహానికి పెట్టి పట్టుకుంటే నీళ్లు నోట్లోంచి మొప్పల మీదుగా వెళ్తాయి. ముందుకీ వెనక్కీ ఊపడం చాలామందికి అలవాటు, వెనక్కి లాగినప్పుడు నీళ్లు మొప్పల్లోకి ఉల్టా పోతాయి, అది పని చేయదు. నిలవ నీరైతే ముందుకే మెల్లగా నడిపించండి. మొప్ప మూతలు ఒక లయలో ఆడుతూ, తోక మొదలు పట్టుకుంటే గుంజుకునేంత బలం వచ్చాక చెయ్యి తీసేయండి. వదలగానే పక్కకి ఒరిగిపోతే మళ్లీ పట్టుకుని ఇంకాసేపు. ఎండాకాలం నీళ్లు వేడెక్కినప్పుడు నీళ్లలో ఆక్సిజన్ తక్కువ ఉంటుంది, చేపకి కావాల్సింది మాత్రం ఎక్కువవుతుంది, అప్పుడు ఇవన్నీ సరిగ్గా చేసినా పోయేవి పోతాయి, ట్రౌట్ పట్టేవాళ్లు నీటి వేడి 20 డిగ్రీలు దాటితే రాడ్ పక్కన పెట్టేయడం అందుకే.

సముద్రంలో బాగా లోతు నుంచి తెచ్చిన చేపకి ఇంకో తంటా ఉంది. పైకి వచ్చేసరికి లోపలి గాలి ఉబ్బి, పొట్ట నోట్లోంచి బుడగలా బయటికి వస్తుంది. అది గాలి తిత్తి అనుకుని గుచ్చేస్తుంటారు, అది చేప పొట్ట, గుచ్చకూడదు. అలాంటి చేపని బరువు కట్టిన క్లిప్ లాంటి డిసెండింగ్ డివైస్‌తో మళ్లీ లోతుకి దింపి అక్కడ వదలాలి, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో అమెరికా ఫెడరల్ నీళ్లలో రీఫ్ చేపలు పట్టే పడవల్లో ఈ డివైస్ గానీ గాలి తీసే సూది గానీ రెడీగా ఉండాలని 2022 జనవరిలో రూల్ కూడా తెచ్చారు.

ఇదంతా మింగేశాక చేసే పని. మింగకుండా చూసుకోవడం దీనికంటే చాలా తేలిక, కానీ దాని మీద ఎవరూ దృష్టి పెట్టరు. చేప ఎర మింగేది మనం టైమ్ ఇచ్చినందుకే. రాడ్ స్టాండ్‌లో పెట్టి లైన్ వదులుగా వదిలేసి పక్కకెళ్లి ఫోన్ చూసుకుంటుంటే అది తీరిగ్గా తిని పొట్టలోకి పంపేస్తుంది, బెండు పూర్తిగా మునిగి కనపడకుండా పోయేదాకా ఆగేవాళ్లకీ అంతే. లైన్ బిగువుగా ఉంచండి, బెండు పక్కకి జరగడం మొదలవగానే చూసుకోండి. ఎర కోసం వాడే గాలం మరీ చిన్నది అవ్వకూడదు, చిన్న గాలం సులువుగా గొంతు దాటిపోతుంది. వాసన పూసిన మెత్తటి ప్లాస్టిక్ ఎరలు చేపకి నిజం మేతలాగే అనిపిస్తాయి, ఉమ్మేయకుండా మింగుతుంది, వాటితో ఇంకా అలర్ట్‌గా ఉండాలి.

సహజమైన ఎర వాడేవాళ్లకి అన్నిటికంటే పెద్ద మార్పు సర్కిల్ హుక్. దీని మొన కాడ వైపుకి తిరిగి ఉంటుంది కాబట్టి గొంతులో ఉన్నా ఎక్కడా పట్టుకోకుండా జారుతూ వచ్చి, చేప పక్కకి తిరిగినప్పుడు దవడ మూలలో పడుతుంది. కాకపోతే ఒక్క షరతు, రాడ్ ఎత్తి గట్టిగా కొట్టకూడదు, అంటే ఒక్క కుదుపుతో ఎగలాగకూడదు. కొడితే నోట్లోంచి బయటికే వచ్చేస్తుంది. లైన్ బరువెక్కగానే ఊరికే రీల్ తిప్పుతూ బిగించుకుంటూ పోవాలి, జె హుక్‌తో (J ఆకారంలో ఉండే మామూలు గాలంతో) ఏళ్ల తరబడి కొట్టే అలవాటున్న చేతికి ఇది మొదట్లో పిచ్చెక్కిస్తుంది. కొనేటప్పుడు మొన పక్కకి వంగని రకం చూసుకోండి, బల్ల మీద పెడితే మొత్తం చదునుగా ఆనాలి, వంగినవి సర్కిల్ హుక్ అనే పేరున్నా గొంతులో పట్టుకుంటాయి. అమెరికా తూర్పు తీరంలో స్ట్రైప్డ్ బాస్‌ని సహజమైన ఎరతో పట్టాలంటే 2021 నుంచి ఇదే తప్పనిసరి చేశారు.

గాలం ఏదైనా బార్బ్ నొక్కేసుకోండి, ప్లయర్ ముక్కుతో బార్బ్ మీద మెల్లగా నొక్కితే అణిగిపోతుంది, ఒక్కసారిగా గట్టిగా నొక్కితే మొన విరుగుతుంది. లైన్ బిగువుగా ఉన్నంతసేపు చేప జారిపోతుందన్న భయం అక్కర్లేదు. నొక్కాక పాత కాటన్ గుడ్డలో గుచ్చి వెనక్కి లాగి చూడండి, దారం పోగు లేవకుండా వచ్చేస్తే సరిగ్గా అణిగినట్టు, పోగు పట్టుకుంటే ఇంకోసారి నొక్కాలి.